సాయంత్రం ట్యూషన్ సెంటర్‌కు గ్రాంట్ అడిగే ముందు

కంపెనీల సీఎస్ఆర్ డబ్బు (సమాజ సేవకు కంపెనీలు ఖర్చు పెట్టే సొమ్ము) కావాలంటే సొసైటీకి లేదా ట్రస్టుకు ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) రెండూ ఉండాలి. గ్రాంట్ అడిగే పని లాంటిదానిలో మూడేళ్ల అనుభవం చూపించాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 నంబరు (కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సంస్థ నమోదు నంబరు) కూడా తప్పనిసరి. దాని ఫారం మీద చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివారి డిజిటల్ సంతకం పడాలి. మూడేళ్లు నిండని సంఘాలు ముందు ఊళ్లోని దాతల ట్రస్టునే అడగడం మేలు.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. రిజిస్ట్రేషన్‌లో 'యువజన సంఘం', పాన్ కార్డులో 'యూత్ అసోసియేషన్' అని ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు పాస్‌బుక్కుతో సహా మూడింట్లో అక్షరం తేడా లేకుండా సరిచేయించుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

బడ్జెట్‌లో 'ఇతర ఖర్చులు' అని గుండుగుత్తగా రాయొద్దు. నలభై మంది పిల్లలు, పది నెలలు అనుకుందాం: ఇద్దరు టీచర్లకు నెలకు 6,000 చొప్పున 1,20,000, గది అద్దె 30,000, నోటు పుస్తకాలకు తలకు 300 చొప్పున 12,000, తలకు రోజుకు ఐదు రూపాయల శనగలు, నెలకు 22 రోజులు, 44,000. మొత్తం 2,06,000. శనగలు తలకు రోజుకు ఐదు రూపాయలే, కానీ చదివేవాళ్లకు నమ్మకం అక్కడే కుదురుతుంది.

డబ్బు వచ్చాక జీతాలు చేతికివ్వకుండా ఖాతాలోనే వేయండి. బిల్లులు సంఘం పేరిటే తీసుకోండి. కార్యదర్శి సొంత పేరుతో ఉన్న బిల్లును ఆడిటర్ కొట్టేస్తారు. హాజరు పట్టీ ఏ రోజుది ఆ రోజే రాయాలి. నెలాఖరున ఒకే పెన్నుతో నింపింది చూడగానే తెలిసిపోతుంది. వినియోగ ధ్రువపత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం) ఆలస్యమైతే రెండో విడత రాదు.