నొక్కితే పలకని ఫోన్, రాని నెట్: కొత్తగా నేర్చుకునే పెద్దల ఇబ్బందులు, పరిష్కారాలు

నెల్లూరు జిల్లా పల్లెల్లో యాభై దాటినవారికి స్మార్ట్‌ఫోన్ నేర్పడానికి కూర్చుంటే మొదట వినిపించే ఫిర్యాదు "నొక్కితే పలకడం లేదబ్బయ్యా" అన్నదే. ఇందులో ఫోన్ తప్పు తక్కువ. ఏళ్ల తరబడి బటన్ల ఫోన్ వాడినవారు తెరను కూడా బటన్‌లాగే గట్టిగా అదిమి, కాసేపు అలాగే ఉంచుతారు. టచ్ తెర వేలి బలాన్ని చూడదు. వేలు తగిలినప్పుడు తెరపై కలిగే స్వల్ప విద్యుత్ మార్పును గుర్తిస్తుంది. అందువల్ల గట్టిగా అదిమితే లాభం లేకపోగా, ఎక్కువసేపు ఉంచిన వేలును 'ఈ యాప్‌ను జరపాలి' అన్న ఆదేశంగా తీసుకుంటుంది. వాట్సాప్ గుర్తు మాయమైందని కంగారుపడేవారిలో చాలామంది దాన్ని తమకు తెలియకుండానే పక్క పేజీకి జరిపి ఉంటారు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి, 'టచ్ అండ్ హోల్డ్ డిలే'ను 'లాంగ్'కు మారిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. పొలం పనితో కాయలు కాచి ఎండిన వేళ్లను తెర సరిగా అందుకోదు కనుక, చేతులు తడిచేసి తుడుచుకుని ప్రయత్నించమనాలి. రొయ్యల చెరువు గట్టు నుంచి తడి చేతులతో వచ్చినవారిది దీనికి విరుద్ధమైన బాధ: నీటి బొట్టును కూడా వేలుగా భావించి తెర తనంతట తానే ఏదో ఒకటి తెరుస్తుంది. అప్పుడు తెరను పొడిగా తుడవడమే మందు.

"నెట్ రావడం లేదు" అన్నప్పుడు ముందుగా కాల్ వెళ్తోందో లేదో చూడాలి. కాల్ కూడా వెళ్లకపోతే ఏరోప్లేన్ మోడ్ ఆన్ అయి ఉండవచ్చు, రీఛార్జి గడువు ముగిసి ఉండవచ్చు, లేదా ఉదయగిరి కొండల చాటున ఉండే ఊళ్లలోలాగా సిగ్నలే అందకపోవచ్చు. కాల్ వెళ్తూ నెట్ మాత్రమే రాకపోతే, పైనుంచి కిందికి లాగినప్పుడు కనిపించే మొబైల్ డేటా మీటను చూడాలి. అది ఆన్‌లోనే ఉంటే, రెండు సిమ్‌ల ఫోన్లలో డేటా ప్యాక్ లేని సిమ్‌కు డేటా మారిపోయిందేమో పరిశీలించాలి. ఉదయం బాగానే ఉండి సాయంత్రానికి నత్తనడక నడిస్తే ఆ రోజు డేటా కోటా అయిపోయి ఉండవచ్చు. మనవడు వీడియోలు చూశాడా అని అడిగితే సగం సందేహం అక్కడే తీరుతుంది. ఏ వెబ్‌సైట్ తెరిచినా భద్రత లేదన్న హెచ్చరిక వస్తుంటే, దాన్ని దాటేయడం నేర్పకుండా ఫోన్‌లోని తేదీ, సమయం సరిగా ఉన్నాయేమో చూసి, వాటిని ఆటోమేటిక్‌గా ఉంచాలి.

ఇంగ్లీషు టైపు చేయలేక ఆగిపోయేవారికి గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డ్‌లో తెలుగు చేర్చి, మాట్లాడితే అక్షరాలుగా మార్చే మైకు గుర్తును చూపించాలి. సాధనకు రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రారంభించిన, ప్రభుత్వ సేవలను వాట్సాప్‌లోనే అందించే 'మన మిత్ర' (నంబరు 9552300009) అనుకూలమైనది. పనికొచ్చే సేవ ఎదురుగా ఉంటే నేర్చుకోవాలన్న పట్టుదల తానే వస్తుంది. ఫోన్ నిండిపోయిందన్న ఫిర్యాదుకు చాలాసార్లు శుభోదయం బొమ్మలే కారణం. ఉన్నవాటిని తొలగించి, వాట్సాప్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపేస్తే సరిపోతుంది.

గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయామనేవారిలో కొందరికి ఆ పాస్‌వర్డ్ అసలు తెలిసి ఉండదు, ఎందుకంటే ఫోన్ అమ్మిన దుకాణంలోనే ఎవరో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటారు. సొంత నంబరుతో కొత్త ఖాతా తెరవడం, పాస్‌వర్డ్ మరిచిపోతే ఖాతాను తిరిగి పొందేందుకు వాడే రికవరీ నంబరుగా దాన్నే ఉంచడం మేలు. మనం చేసిపెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది కానీ, వారి వేలితోనే చేయించాలి, ఎంత ఆలస్యమైనా సరే.

"డబ్బు పంపుతాము, పిన్ కొట్టమన్నారు, కొట్టగానే ఖాతాలోంచే పోయింది" అని ఎవరైనా వస్తే, కారణం ఒక్కటే: యూపీఐ పిన్ డబ్బు పంపడానికి కావాలి, అందుకోవడానికి అవసరమే లేదు. తిట్టకుండా, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయించి, బ్యాంకుకు తెలియజేయాలి. ఆ నంబరును బ్యాంకు పాస్‌బుక్ అట్ట మీద ముందే పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం ఉత్తమం, ఎందుకంటే ఆ కంగారులో ఫోన్‌లో వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.