రూబీలో తేదీ ఖాళీగా ఉన్నప్పుడు స్ట్రఫ్‌టైమ్‌ను వాడే పద్ధతి

రూబీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన గ్రంథాలయ పట్టికలో పుస్తకం తిరిగి ఇచ్చిన తేదీని చూపించాలనుకుందాం. పుస్తకం ఇంకా పాఠకుడి దగ్గరే ఉంటే ఆ గడిలో విలువ నిల్‌గా (nil, అంటే ఏ విలువా లేదని చెప్పే గుర్తు) ఉంటుంది. నిల్‌కు స్ట్రఫ్‌టైమ్ (strftime, తేదీని కావలసిన రూపంలో అక్షరాలుగా మార్చేది) అనే మెథడ్ లేదు కనుక, దాన్ని నేరుగా పిలిస్తే నోమెథడ్‌ఎర్రర్ వచ్చి, ఆ ఒక్క వరుస కారణంగా పేజీ మొత్తం ఆగిపోతుంది.

రూబీ 2.3తో, అంటే 2015 డిసెంబరులో వచ్చిన సేఫ్ నావిగేషన్ ఆపరేటర్ దీనికి సులువైన మార్గం. మెథడ్ పేరుకు ముందు ఉండే చుక్క స్థానంలో "&." రాస్తే, విలువ నిల్ అయినప్పుడు మెథడ్‌ను పిలవకుండా నిల్‌నే తిరిగి ఇస్తుంది, ఆ వెంటనే "||" (ఎడమవైపు నిల్ వస్తే కుడివైపు విలువను తీసుకునే గుర్తు) పెట్టి "ఇంకా ఇవ్వలేదు" అన్న స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, రాస్తే తెరపై అదే కనిపిస్తుంది. అయితే వరుసగా రెండు మెథడ్‌లను పిలిచేటప్పుడు రెండో దాని ముందు కూడా "&." అవసరం, ఎందుకంటే మొదటిది నిల్ ఇచ్చినా రూబీ గొలుసులో మిగిలిన భాగాన్ని వదిలేయదు.

ఫారం నుంచి వచ్చే ఖాళీ స్ట్రింగ్ సంగతి వేరు. అది నిల్ కాదు కనుక "&." దాన్ని ఆపదు, స్ట్రింగ్‌కూ స్ట్రఫ్‌టైమ్ లేదు కనుక అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. అందుకే ఖాళీ స్ట్రింగ్‌ను డేటా లోపలికి వచ్చే చోటే నిల్‌గా మార్చడం మంచిదని నా గట్టి అభిప్రాయం. కోడ్ వరుస చివర, ఎర్రర్‌ను పట్టుకునే రెస్క్యూ (rescue) తగిలించి వదిలేయడం మాత్రం సరికాదు. మెథడ్ పేరును తప్పుగా టైపు చేసినా అది దాచేస్తుంది.