హైడ్రోకార్బన్ల పాఠాలు – 3: గొలుసు పెరిగితే మరుగు స్థానం ఎంత పెరుగుతుంది?

పోయిన పాఠంలో ఆల్కేన్ల (కార్బన్ల మధ్య ఒంటి బంధాలే ఉండే హైడ్రోకార్బన్ల) పేర్లు, ఫార్ములాలు రాయడం నేర్చుకున్నాం. ఈ పాఠం అయ్యేసరికి, పట్టికలో లేని ఆల్కేన్ ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో మీరే అంచనా వేయగలగాలి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

కొమ్మలు లేని తిన్నని గొలుసులనే తీసుకుందాం. సాధారణ వాతావరణ పీడనం దగ్గర వాటి మరుగు స్థానాలు, సెల్సియస్ డిగ్రీల్లో:

మీథేన్ –161.5
ఈథేన్ –88.6
ప్రొపేన్ –42.1
బ్యూటేన్ –0.5
పెంటేన్ 36.1
హెక్సేన్ 68.7
హెప్టేన్ 98.4
ఆక్టేన్ 125.7

ముందు ఈ పట్టికను గది ఉష్ణోగ్రతతో పోల్చండి. మొదటి నాలుగూ వాయువులు, పెంటేన్ నుంచి ద్రవాలు. వంటగ్యాస్‌లో ఉండేవి ముఖ్యంగా ప్రొపేన్, బ్యూటేన్. లేహ్‌లో చలికాలం ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పడిపోతే బ్యూటేన్ సిలిండర్‌లో ద్రవంగానే ఉండిపోయి పొయ్యి సరిగా వెలగదు. ప్రొపేన్‌కి ఆ ఇబ్బంది లేదు. ఎందుకో పట్టికే చెబుతోంది.

ఇప్పుడు పక్కపక్క అంకెల మధ్య తేడాలు రాయండి. మీథేన్ నుంచి ఈథేన్‌కి సుమారు 73 డిగ్రీలు. ఆ తర్వాత 46.5, 41.6, 36.6, 32.6, 29.7, 27.3. ప్రతిసారీ చేర్చింది ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లే అయినా పెరుగుదల తగ్గుతూ వస్తోంది. ఒక కార్బన్ ఉన్నచోట ఇంకొకటి చేరితే గొలుసు రెట్టింపవుతుంది. ఎనిమిది ఉన్నచోట చేరితే ఎనిమిదో వంతు మాత్రమే పెరుగుతుంది.

తొమ్మిది కార్బన్ల నోనేన్ సంగతి చూద్దాం. చివరి రెండు తేడాలు 29.7, 27.3. తగ్గుదల రెండున్నర దాకా ఉంది కాబట్టి తర్వాతి తేడా 25 అనుకోవచ్చు. 125.7కి 25 కలిపితే 150.7. నోనేన్ అసలు మరుగు స్థానం 150.8.

అంచనా కుదిరింది. కారణం మాత్రం తెలియాలి, ఎందుకంటే చాలామంది విద్యార్థులు పొరబడేది ఇక్కడే. మరిగేటప్పుడు కార్బన్–కార్బన్ బంధాలు తెగవు. అణువులు ఒకదాన్నొకటి వదిలేసి విడిపోతాయి, అంతే. వాటిని పట్టి ఉంచేవి లండన్ బలాలు. ఎలక్ట్రాన్లు క్షణక్షణం అటూ ఇటూ జరగడం వల్ల పుట్టే బలహీనమైన ఆకర్షణలివి. అణువు పొడవైతే పక్క అణువును తాకే ఉపరితలం పెరుగుతుంది, ఆకర్షణలు కూడుతూ పోతాయి. పెంటేన్ నుంచి ఆక్టేన్ వరకు చూస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర ఒక మోల్‌ను (అణువులను లెక్కించే నిర్ణీత పరిమాణం) ఆవిరి చేయడానికి ప్రతి కొత్త కార్బన్‌కి సుమారు 5 కిలోజౌళ్లు అదనంగా కావాలి.

ఒక్క బంధం తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్లు పడుతుంది. చిన్న గొలుసులో ఆకర్షణల మొత్తం దీనికి చాలా తక్కువ, అందుకే అణువు చెక్కుచెదరకుండా ఆవిరవుతుంది. గొలుసు బాగా పొడవైతే అన్ని ఆకర్షణలనూ వదిలించుకునేలోపే బంధం తెగిపోతుంది. ఇలాంటి చాలా పొడవాటి గొలుసులతో అయిన పాలిథీన్ కరుగుతుంది గానీ మరగదు, వేడి ఇంకా పెంచితే ముక్కలవుతుంది. ముడి చమురు శుద్ధి చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యే సమస్య. సుమారు 350–370 డిగ్రీలు దాటితే బరువైన భాగం విరిగిపోవడం మొదలవుతుంది. అందుకని పీడనం బాగా తగ్గించి, తక్కువ వేడికే మరిగేలా చేస్తారు. దాన్నే వాక్యూమ్ డిస్టిలేషన్ అంటారు. అడుగున మిగిలేదే రోడ్లకు వాడే తారు.

చిక్కదనం గురించి ఒక్క మాట. పొడవాటి జుట్టులా పెద్ద అణువులు ఒకదానికొకటి చిక్కుపడి సులువుగా జారవు. పెట్రోల్ కంటే డీజిల్, దానికంటే ఇంజన్ ఆయిల్ చిక్కగా ఉండేది ఇందుకే.

ఈ తేడాల పద్ధతిని ద్రవీభవన స్థానానికి మాత్రం వాడకండి. మీథేన్ –182.5 దగ్గర కరిగితే, పెద్దదైన ప్రొపేన్ –188 దగ్గరే కరుగుతుంది. ఘనంలో అణువులు ఎంత బాగా సర్దుకుంటాయన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది.

అభ్యాసం:

1. డెకేన్ మరుగు స్థానం అంచనా వేయండి. 174కి ఒకటి రెండు డిగ్రీల తేడాలో వస్తే పద్ధతి పట్టుబడినట్టే.

2. పదహారు కార్బన్ల హెక్సాడెకేన్ 18 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో, చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో అది ఏ స్థితిలో ఉంటుంది?

3. నియోపెంటేన్‌లోనూ ఐదు కార్బన్లే, అణుభారం కూడా పెంటేన్‌దే. అయినా 9.5 డిగ్రీలకే మరుగుతుంది. ఎందుకో ఊహించి రాసి ఉంచండి. నాలుగో పాఠం దానితోనే మొదలుపెడదాం.