వైన్ షాపు దాటి ఇంటికి రావాలంటే

ఆఫీసు నుంచి వస్తుంటే వైన్ షాపు దగ్గర బండి దానంతటదే స్లో అవుతోందా? ముందు కడుపు సంగతి చూడండి. మధ్యాహ్నం ఎప్పుడో తిన్న అన్నం అరిగిపోయి, ఆకలీ చిరాకూ కలిస్తే మనసు మందు మీదికి లాగుతుంది. బ్యాగులో వేయించిన పల్లీలో, రెండు అరటిపళ్లో పెట్టుకుని బయల్దేరే ముందే తినేయండి. ఇంటికి రాగానే స్నానం. అప్పటికీ తాగాలనిపిస్తే అరగంట ఆగి, అసలు దేనికి మండుతోందో ఎవరికైనా ఫోన్ చేసి చెప్పుకోండి. బాసుని నాలుగు తిట్టుకున్నా పర్లేదు. వినేవాళ్లు లేరనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

రోజూ బాగా తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయకండి. చేతులు వణకడమే కాదు, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్‌ని అడిగే తగ్గించాలి.