కౌంటర్ 3 తర్వాత 5కి గెంతుతోందా?

గుణుపురం, రాయగడ, బరంపురం వైపు డిజిటల్ ల్యాబ్‌కి 7490 (పల్సులు లెక్కపెట్టే ఐసీ)తో కౌంటర్ కట్టుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ: ముందు సప్లై పిన్నులు చూడండి. మిగతా ఐసీల అలవాటుకొద్దీ 14కి 5 వోల్టులు, 7కి గ్రౌండు ఇచ్చేస్తారు. ఈ ఐసీకి సప్లై 5వ పిన్ను, గ్రౌండు 10. 14 అసలు క్లాకు, అంటే లెక్కపెట్టాల్సిన పల్సు వచ్చే పిన్ను.

అంకె 9 దగ్గరే బిగుసుకుపోతే 6, 7 పిన్నులు గాల్లో వదిలేసినట్టే. టీటీఎల్‌లో (7490 లాంటి ఐసీల కుటుంబం) ఖాళీ ఇన్‌పుట్టు ‘1’లా పనిచేస్తుంది. 2, 3, 6, 7 నాలుగూ గ్రౌండుకి కలపండి. 0 నుంచి 9 వరకూ లెక్క కావాలంటే 12 నుంచి 1కి ఒక వైరు.

ఇక గెంతుడు సంగతి. తప్పు ఐసీది కాదు, బటన్‌ది. ఒక్కసారి నొక్కితే లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి తగులుతుంది. ప్రతి తాకిడినీ 7490 లెక్కపెడుతుంది. 5 వోల్టుల నుంచి బటన్ ఒక కాలికి 10 కిలోఓమ్‌ల రెసిస్టరు, రెండో కాలు గ్రౌండుకి, బటన్ రెండు కాళ్ల మధ్య 1 మైక్రోఫారడ్ కెపాసిటరు, రెసిస్టరూ బటనూ కలిసే చోటు నుంచి 74ఎల్‌ఎస్14 (మెల్లగా మారే వోల్టేజిని ఒక్కసారిగా మారేలా చేసే ష్మిట్ ట్రిగ్గర్ ఐసీ) గుండా క్లాకుకి. కెపాసిటరు ఒక్కటే పెట్టి నేరుగా ఇస్తే వోల్టేజి మెల్లగా పాకి, మళ్లీ తప్పుడు లెక్కే. 5, 10 పిన్నుల మధ్య, ఐసీకి ఆనుకునే, ‘104’ అని రాసున్న బుల్లి కెపాసిటరు పెట్టండి.

కరెంటు పోయిందని పవర్‌బ్యాంకు తగిలిస్తే ఒక మాట: లోడు మరీ తక్కువైతే చాలా పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. సర్క్యూట్ చెడిందని ఐసీ పీకెయ్యకండి.