ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ ఎందుకు రాదు: సిమ్ రౌటర్‌లో సిగ్నల్ అంకెలు చదివే పద్ధతి

ఫోన్‌లోనో రౌటర్ మీదో కనిపించే గీతలకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ నాలుగు గీతలు చూపించే సిగ్నల్‌కే ఇంకో కంపెనీ రెండు చూపించవచ్చు. సిమ్ వేసుకునే 4జీ రౌటర్‌ను ఇంట్లో ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలంటే గీతలు వదిలేసి అంకెలు పట్టుకోవాలి.

ఆ అంకెలు రౌటర్ లోపలే ఉంటాయి. రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టి లాగిన్ అయి స్టేటస్ పేజీ తెరవండి. రౌటర్ ఇంకా కొనకపోతే ఫోన్‌తోనూ కొలవచ్చు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్‌లో సిగ్నల్ అంకె ఉంటుంది. డయల్ ప్యాడ్ మీద *#*#4636#*#* కొడితే కొన్నింటిలో ఇంకా వివరంగా వస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* కొట్టి కాల్ నొక్కాలి. ఫోన్‌తో కొలిచేటప్పుడు రౌటర్‌లో వేయబోయే కంపెనీ సిమ్మే ఉండాలి, వైఫై ఆపేయాలి. రౌటర్ 4జీది అయితే ఫోన్‌ను కూడా 4జీకే కట్టేయాలి.

మైనస్ ఎందుకు?

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపిస్తారు, అంకె ముందు మైనస్ ఉంటుంది. ఆ లెక్కలో 0 అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 90 అంటే ఆ మిల్లీవాట్‌లో వంద కోట్లో వంతు. అంత చిన్న శక్తి మీదే మన వీడియోలన్నీ నడుస్తున్నాయి! 10 అంకెల తేడా వస్తే శక్తి పది రెట్లు మారినట్టు, 3 అంకెలైతే రెండు రెట్లు. కాబట్టి మైనస్ 95 కంటే మైనస్ 85 పది రెట్లు బలమైనది.

రౌటర్ పేజీలో ముందు వెతకాల్సింది ఆర్‌ఎస్‌ఆర్‌పీ. టవర్ పంపే గుర్తు సిగ్నల్ మన దగ్గరికి ఎంత బలంగా చేరుతోందో చెప్పే అంకె ఇది. మైనస్ 80 కంటే మెరుగ్గా ఉంటే చాలా బాగుంది. 80, 90 మధ్య బాగుంది. 100 వరకు ఫర్వాలేదు. మైనస్ 110 దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 120 దగ్గర లైన్ తెగిపోతూ ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పక్కనే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది, అది ఎప్పుడూ అందంగా కనిపిస్తుంది. టవర్ సిగ్నల్ చాలా సన్నని పాయలుగా విడిపోయి వస్తుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అందులో ఒక్క పాయ బలాన్ని మాత్రమే చెబుతుంది. ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మాత్రం మొత్తం వెడల్పులో వచ్చిన శక్తినంతా, పక్క టవర్ల గోలతో సహా కలిపేస్తుంది. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో అలాంటి పాయలు 1200 ఉంటాయి కాబట్టి రెండింటికీ దాదాపు 30 అంకెల తేడా రావచ్చు. ఒకరి రౌటర్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌ఐ మైనస్ 65, ఇంకొకరి రౌటర్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 95 ఉంటే అవి రెండూ ఒకే సిగ్నల్ కావచ్చు. పోల్చేముందు పేరు చూడండి.

వేగాన్ని తేల్చేది ఎస్‌ఐఎన్‌ఆర్

బలం ఒక్కటీ సరిపోదు. జాతరలో మైకు పక్కనే నిలబడిన మనిషి ఎంత గట్టిగా అరిచినా మాట అర్థం కాదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో గుసగుస కూడా వినపడుతుంది. మనకు కావాల్సిన సిగ్నల్ చుట్టూ ఉన్న గోల కంటే ఎంత పైన ఉందో ఎస్‌ఐఎన్‌ఆర్ చెబుతుంది. 20 దాటితే అద్భుతం, 13 దాటితే బాగుంది, 0 దగ్గరికి వచ్చేసరికి పేజీలు నత్తనడక నడుస్తాయి, 0 కంటే కిందకి పోతే నిలవదు. ఈ అంకె బాగుంటే టవర్ ఒక్కో విడతలో ఎక్కువ బిట్లు కుక్కి పంపుతుంది. పాడైతే జాగ్రత్తగా రెండేసి బిట్లు పంపుతుంది. గీతలు నిండా ఉండి నెట్ రాకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

ఒక ఉదాహరణ చూడండి. వీధి వైపు కిటికీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ మైనస్ 84, ఎస్‌ఐఎన్‌ఆర్ 3 వచ్చాయి. వెనక గది కిటికీలో మైనస్ 97, 16 వచ్చాయి. రౌటర్ పెట్టాల్సింది వెనక గదిలో. 4జీలో పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి. వీధి కిటికీకి రెండు టవర్లు ఎదురుగా కనిపిస్తూ ఒకదాన్నొకటి చెడగొడుతున్నాయి. వెనక గదిలో ఇంటి గోడే రెండో టవర్‌ను అడ్డుకుంటోంది. గోడ ఇలా మేలు చేస్తుందని చాలామందికి తట్టదు.

మూడో అంకె ఆర్‌ఎస్‌ఆర్‌క్యూ, అంటే సిగ్నల్ నాణ్యత. మైనస్ 10 కంటే మెరుగ్గా ఉంటే మంచిది, మైనస్ 15 దాటితే బాగోలేదు. దీన్ని పొద్దున 6 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి రాసుకోండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ కదలకుండా ఇది మాత్రం రాత్రికి పడిపోతుంటే టవర్ల మీద జనం ఎక్కువైనట్టు. అప్పుడు రౌటర్‌ను ఇల్లంతా తిప్పినా లాభం ఉండదు, బ్యాండ్ (టవర్ వాడే ఫ్రీక్వెన్సీ) మార్చి చూడాలి.

బ్యాండ్ మార్చే వీలు రౌటర్‌లో ఉంటే ఒక్కో బ్యాండ్‌లో విడిగా కొలవండి. మన దగ్గర 850 మెగాహెర్ట్జ్ (బ్యాండ్ 5) గోడల్లోంచి బాగా దూరుతుంది కాబట్టి అంకె ఘనంగా వస్తుంది, కానీ దారి ఇరుకు. 2300 (బ్యాండ్ 40) అంకె 10 దాకా తక్కువ చూపించినా సాధారణంగా దారి వెడల్పు, వేగం దాంట్లోనే ఎక్కువ రావచ్చు.

కొలిచే తీరు

టవర్ ఉన్న వైపు కిటికీలతో మొదలుపెట్టి నాలుగైదు చోట్లు ఎంచుకోండి. ప్రతిచోటా రౌటర్ పెట్టి, రెండు అడుగులు వెనక్కి జరిగి, రెండు నిమిషాలు ఆగండి. మనిషి ఒళ్ళే కొన్ని డీబీలు (ఈ అంకెల తేడాను డీబీల్లోనే చెబుతారు) మింగేస్తుంది. అంకె 3, 4 అటూ ఇటూ ఊగడం మామూలే, మధ్య విలువ రాసుకోండి. తర్వాత బాగున్న చోటే రౌటర్‌ను జానెడు జానెడు పక్కకు జరిపి మళ్ళీ చూడండి. 2300 మెగాహెర్ట్జ్‌లో అల పొడవు 13 సెంటీమీటర్లే, గోడల నుంచి తిరిగొచ్చే అలలు కలిసి కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. జానెడు జరిపినందుకే 5, 6 డీబీలు పెరగడం వింత కాదు. సెల్ ఐడీ (రౌటర్ ఏ టవర్‌లోని ఏ భాగానికి కలిసి ఉందో చెప్పే నంబర్) కూడా గమనించండి. అది నిమిషానికోసారి మారుతుంటే రౌటర్ రెండు టవర్ల మధ్యో, ఒకే టవర్‌లోని రెండు భాగాల మధ్యో ఊగుతోంది, ఆ చోటు వద్దు.

ఇనుప బీరువా పక్కన, టీవీ వెనకాల, రేకుల కప్పు కింద పెట్టొద్దు. కిటికీకి ఇనుప దోమల మెష్ ఉంటే ఒకసారి తెరిచి, ఒకసారి మూసి కొలవండి.

బయట యాంటెన్నా పెట్టాలనుకునేవారు ముందు కేబుల్ లెక్క వేసుకోండి. ఆర్‌జీ 58 లాంటి సన్న కేబుల్ 10 మీటర్లు లాగితే 2300 దగ్గర సుమారు 10 డీబీ కేబుల్‌లోనే పోతుంది. సిగ్నల్‌ను 9 డీబీ పెంచే యాంటెన్నా కొన్న డబ్బు గాలికి పోయినట్టే. దానికంటే రౌటర్‌నే పై అంతస్తులో, ఎండా వానా తగలని కిటికీ దగ్గర పెట్టి కిందికి ల్యాన్ కేబుల్ దించండి. ల్యాన్ కేబుల్ 100 మీటర్ల దాకా వేగం తగ్గకుండా తెస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా వాటిని పెట్టడం మన దేశంలో నేరం, పైగా చుట్టుపక్కల అందరి సిగ్నల్ చెడిపోతుంది.

ఇదంతా చేశాక కూడా నెమ్మదిగా ఉంటే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం చూడండి. కేబుల్‌లో బాగుండి వైఫైలో లేకపోతే తప్పు టవర్‌ది కాదు, ఇంట్లోని వైఫైది. వైఫై అంకెకు కొలబద్ద వేరే: వీడియో కాల్ తెగకుండా నడవాలంటే మైనస్ 67 కంటే మెరుగ్గా ఉండాలి, మైనస్ 80 అయితే కష్టం. విండోస్ దీన్ని శాతంలో చూపిస్తే, ఆ శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేయండి. 60 శాతం అంటే సుమారు మైనస్ 70.