అలారమ్‌లు వరసగా పడుతుంటే ముందు ఏది చూడాలి

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌ల కొత్తగా నైట్ డ్యూటీకొచ్చినోళ్లు స్క్రీన్ మీద ఏది కనబడితే దాని ఎంబడి పడతరు, అట్ల చెయ్యకండి. ఐటీయూ (అంతర్జాతీయ టెలికం సంస్థ) అలారమ్‌ల స్టాండర్డ్ ఎక్స్.733 ప్రకారం క్రిటికల్ అంటే సర్వీస్ దెబ్బతిన్నది, తక్షణం లేవాలి, మేజర్ కూడా అర్జెంటే, మైనర్‌కి సర్వీస్ నడుస్తనే ఉంటది కానీ వదిలేస్తే ముదురుతది. వార్నింగ్ అంటే దెబ్బ ఇంకా పడలే.

అసలు తికమక ఈ1 లైన్ (ఎక్స్ఛేంజ్‌లను కలిపే డిజిటల్ లైన్) దగ్గర. ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) పడ్డదంటే సిగ్నలే రావట్లే, 30 వాయిస్ ఛానెళ్లూ పోయినట్టే, ముందు మన దగ్గరి కేబుల్, కనెక్టర్ చూడండి. ఏఐఎస్ (అలారమ్ ఇండికేషన్ సిగ్నల్) పడితే మాత్రం దయచేసి మన ఎక్విప్‌మెంట్ కార్డు పీకొద్దు, లోపం మన దగ్గర కాదు, సిగ్నల్ ఎటు నుంచి వస్తదో అటు ఉంది. మెహిదీపట్నంలో ఏఐఎస్ కనబడి సిగ్నల్ కోఠి నుంచి వస్తుంటే కోఠికి ఫోన్ కొట్టి అక్కడ ఎల్‌ఓఎస్ ఉందా అడగండి. ఆర్‌డీఐ (రిమోట్ డిఫెక్ట్ ఇండికేషన్) అంటే మనం పంపేది అవతలోళ్లకు సరిగ్గా అందట్లేదని.